నల్ల తెర మీద మొండయ్య చదువు

చూపు పూర్తిగా పోలేదన్న కారణం చూపి ఒక మనిషికి పుస్తకం నిరాకరించారు. ఆ మనిషికే, చూపు సరిగా లేదన్న కారణం చూపి, అదే భవనంలో పది అడుగుల అవతలి కౌంటరులో మళ్ళీ నిరాకరించారు. రెండు నిరాకరణలూ 2008 మార్చి 4వ తేదీన, ఒకే పూట, ఒకే అధికారి సంతకంతో జరిగాయి. కాగితాలు రెండూ ఉన్నాయి. మొదటిదానిలో "దరఖాస్తుదారుడు అంధుడు కానందున" అని ఉంది. రెండవదానిలో "దరఖాస్తుదారుడు చదవలేని స్థితిలో ఉన్నందున" అని ఉంది. ఒకే కలం ఒక గంట వ్యవధిలో ఈ రెండు వాక్యాలూ రాయగలిగిందంటే, కౌంటరు ముందు నిలబడిన మనిషి ముఖం వైపు ఎవరూ తలెత్తి చూడలేదన్నమాట.

ఆ మనిషి పేరు మొండయ్య. అప్పటికి ఆయనకు అరవై ఏడేళ్ళు. కొత్తగూడెం ప్రాంతపు బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. మొదట తట్టా, చెమ్మాసు అనే పారా పట్టి బొగ్గు నింపారు. చివరి పదహారేళ్ళు సర్దారుగా ఉన్నారు. సర్దారంటే షిఫ్టు మొదలుకాకముందే పనిచోటుకు వెళ్ళి, పైకప్పు తట్టి చూసి, గాలి పరీక్షించి, అంతా బాగుందనుకుంటే బొగ్గు గోడ మీద సుద్దతో తారీఖు వేసి పొడి సంతకం పెట్టే మనిషి. ఆ రాత కనపడితేనే మిగిలినవాళ్ళు తట్ట కిందికి దించుతారు.

అటువంటి రాత రాయవలసిన ఉద్యోగానికి ఎదిగిన మొండయ్య ఒక్కనాడూ బడికి పోయినవాడు కాదు. ఇరవై ఆరేళ్ళ వయసులో బాయిలో దిగినప్పుడు ఆయనకు తన పేరులో ఎన్ని అక్షరాలున్నాయో తెలియదు. గోడ మీది ఆ తెల్లని గీతల్లో తన ప్రాణం ఉందని అర్థమైన తరువాత, వాటిని ఇంకొకరిని అడిగి తెలుసుకోవడం ఆయనకు నచ్చలేదు. మొదటి షిఫ్టు ముగించుకుని, ఒళ్ళు కడుక్కుని, యూనియన్ ఆఫీసు వరండాలో జరిగే అక్షరాల తరగతికి రెండేళ్ళు పోయారు. ఆ తరువాత సర్దారు పరీక్ష రాశారు. అంతకంటే ముఖ్యంగా, చేతికి దొరికిన ప్రతి పుస్తకమూ చదివారు. నవలలు, యాత్రా కథలు, చరిత్రలు, ఆకుకూరల సాగు మీద ప్రభుత్వం వేసిన కరపత్రాలు. క్వార్టర్సులో ఆయన తలగడ పక్కన పుస్తకం లేని రోజు లేదు. పుట్టుకతో వచ్చినవి, పెళ్ళితో వచ్చినవి, కంపెనీ ఇచ్చినవి పక్కన పెడితే, తనంతట తాను సంపాదించుకున్నది ఈ ఒక్కటేనని ఆయన అనేవారు.

2001లో రిటైరై, భార్య బతుకమ్మ పుట్టినూరు దగ్గరని జూలూరుపాడులో ఇల్లు కట్టుకున్నారు. ఇంటి వెనుక రెండు పొలాలు దాటితే అడవి. ఐదేళ్ళు నిశ్చింతగా చదువుకున్నారు. 2006లో అక్షరాల నడుమ మచ్చ కనపడసాగింది. చూసిన చోట మచ్చ, చుట్టూ మసక. కంటి దవాఖానాలో డాక్టరు శుక్లం కాదన్నాడు, కంటి వెనుక పొర అరిగిపోయిందన్నాడు, అద్దాలు మార్చి లాభం లేదన్నాడు. అక్షరం బాగా పెద్దదైతే కొంత అందుతుందని మాత్రం చీటీ మీద రాశాడు. భూతద్దం కొన్నారు. ఆరు నెలలకు భూతద్దం కింద కూడా అక్షరం కరిగిపోయింది.

బతుకమ్మకు చదువు రాదు, కానీ మాటకు కొదవ లేదు.

"ముప్పై ఏండ్లు నా మొకం సూడకుండ పుస్తకం మొకమే సూస్తివి. ఇగ ఇప్పుడన్న నన్ను సూడు" అన్నదామె.

"నీ మొకం గుడ సక్కగ కనపడ్తలేదే" అన్నారాయన.

"మంచిగైంది. ముసల్దాన్నైన సంగతి నీకు తెల్వదు."

నవ్వించడానికే అన్నది. ఆయన నవ్వారు కూడా. కానీ ఆ ఏడాది ఆయన మాట తగ్గింది, తిండి తగ్గింది. రిటైరైన గుమాస్తా ఒకాయన దయతో వచ్చి రోజూ పత్రిక చదివి వినిపించాడు. పదిహేను రోజుల తరువాత మొండయ్య ఆయనకు టీ ఇచ్చి, దండం పెట్టి, ఇక రావద్దన్నారు. ఆ పెద్దమనిషి తనకు విసుగు పుట్టిన వార్తలు దాటేస్తున్నాడని ఆయనకు తెలిసిపోయింది. బతుకమ్మ కోప్పడితే ఒకే మాట చెప్పారు. "ఎవలన్న సదివితె అది ఆల్లు సదివిందే గని, నేను సదివింది గాదు."

సరిగ్గా అప్పుడే పల్లె డిజిటల్ పఠన పథకమనే పేరుతో ఒక పథకం వచ్చింది. పాత తెలుగు పుస్తకాలను కంప్యూటర్ డిస్కుల్లోకి ఎక్కించారనీ, వృద్ధులకూ చూపు తక్కువైనవారికీ ప్రత్యేక సదుపాయం ఉందనీ కరపత్రంలో అచ్చు వేశారు. ఆ కరపత్రమూ ఉంది. మొండయ్య బస్సెక్కి పథకం ఆఫీసుకు పోయారు. ప్రత్యేక సదుపాయాల కౌంటరులో చుక్కల లిపి పుస్తకాలు మాత్రమే ఉన్నాయి, అవి పూర్తిగా చూపు లేనివారికేనన్నారు. పక్కనున్న పుస్తకాల కౌంటరులో, సభ్యత్వం కావాలంటే గోడ మీది నమూనా పేరా చదివి చూపించాలన్నారు. చదవలేకపోయారు. మొదట చెప్పిన రెండు కాగితాలూ అలా ఆయన చేతికి వచ్చాయి.

వాటిలో ఏముందో చదివించుకోవడానికి ఆయన సరళ దగ్గరకు పోయారు. జూలూరుపాడు బస్టాండు ఎదుట నాలుగు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపే మనిషి సరళ. ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. ఊరవతలి తండా ఆమెది. ఆమె తండ్రి గోప్యా మొండయ్య కింద పదేళ్ళు బొగ్గు నింపినవాడు. గోప్యా మొండయ్యను అన్నా అని పిలుస్తాడు గనుక సరళకు ఆయన పెదనాయన.

సరళ రెండు కాగితాలూ పైకి చదివింది.

"గుడ్డోనివి గాదని ఒకటి, గుడ్డోనివని ఒకటి. ఏది ఫ్రేం గట్టియ్యమంటవ్ పెదనాయనా?"

"రెండు గట్టియ్యి బిడ్డా. దినం ఒక్కటి జూస్కుంట."

ఆమె ఫ్రేమేమీ కట్టించలేదు. సెంటరులో ఆటలాడే పిల్లలు మెల్లగా నడుస్తుందని వదిలేసిన కంప్యూటర్ ఒకటి మూలన పడి ఉంటే, దాని దుమ్ము దులిపి, బరువైన పాత తెరతో సహా ఆటోలో వేసుకుని ఆదివారం పూట మొండయ్య ఇంటికి తెచ్చింది. కిటికీ పక్కన బల్ల మీద పెట్టింది. ఆ తరువాత ఆమె చేసిన పనిని వివరంగా చెప్పవలసి ఉంది. జీతాలు తీసుకునే పథకం ఆఫీసులో ఎవరూ చేయనిది అదే.

పంచాయతీ ఆఫీసుకు వచ్చిన పథకం డిస్కును సంతకం పెట్టి రెండు రోజులకు తీసుకున్నది. తెరిచి చూస్తే అందులో ఉన్నవి పుస్తకాలు కావు, పుస్తకాల పేజీలకు తీసిన ఫొటోలు. అక్షరం పెంచితే పేజీ మొత్తం పెరిగి, వాక్యం తెర దాటి కుడివైపు ఎక్కడికో పోయేది. దాన్ని మౌసుతో ఈడ్చుకుంటూ చివరకు చేరేసరికి మొదలు మరిచిపోయేవారు మొండయ్య. తిరిగి ఎడమకు ఈడ్చితే ఏ వరుసలో ఉన్నారో తెలిసేది కాదు. పావుగంటలో నాలుగు వరుసలు. చూపు బాగున్నవాడికే ఓపిక చాలని పని అది.

ఫొటో పెరుగుతుంది గానీ వరుస విరగదని సరళకు అర్థమైంది. అక్షరాలుగా టైపు చేసిన పుస్తకం కావాలి, అక్షరం పెరిగినకొద్దీ వరుసను తెర వెడల్పుకు తానే సర్దుకునే సాఫ్ట్‌వేర్ కావాలి. ఇంటర్నెట్‌లో ఎవరో భాషాభిమానులు టైపు చేసి ఉచితంగా పెట్టిన పాత కథలు దొరికాయి. ఇక సాఫ్ట్‌వేర్ల వెంట పడింది. ప్రింటు పాడైన కాగితం వెనుక నిలువు గీతలు గీసి, అక్షరం ఎంత పెరుగుతుంది, వరుస విరుగుతుందా, తెలుగు వస్తుందా, పేజీ తిప్పడానికి ఎన్ని మీటలు అని రాసుకుంది. ఆ కాగితం మీద టీ మరక ఉంది, కానీ అక్షరాలు చెదరలేదు.

మొదటి సాఫ్ట్‌వేర్ చూడటానికి షోకుగా ఉంది. చెక్క అరల్లో పుస్తకాలు పేర్చినట్టు బొమ్మలు, చుట్టూ చీమల బారులాగా మీటలు, అన్నీ ఇంగ్లీషులో. తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఆమె ఏవో మార్పులు చేసి డబ్బాలను అక్షరాలు చేసింది గానీ, అక్షరం వేలి గోరంత పెరిగి అక్కడ ఆగిపోయింది. తెరిచిన ప్రతిసారీ పేరు నమోదు చేసుకొమ్మని అడ్డుపడేది. రెండవది పైకి చదివి వినిపించేది. ఇంగ్లీషును గడగడా చదివి, తెలుగు రాగానే నోరు మూసుకునేది. మూడవది చాలా చిన్నది, ఒక ఫ్లాపీలో పట్టేంత. ఎవరో ఒక్కడే కూర్చుని రాసి ఉచితంగా ఇచ్చినది. అక్షరం రెండు వేళ్ళ ఎత్తు పెరిగింది. వరుస దానంతటదే విరిగింది. ఆపిన చోటును గుర్తుపెట్టుకుంది. పేజీ తిరగడానికి పొడవాటి మీట ఒక్కటి నొక్కితే చాలు. ఆ మీట చేతికి తెలియాలని, బతుకమ్మ బొట్టుబిళ్ళ ఒకటి అడిగి దాని మీద అతికించింది.

"నా బొట్టు దానికి బెడ్తివా, మరి దానికి పసుపు గుడ రాయాల్నా?" అన్నది బతుకమ్మ.

అంతవరకు మసకగా ఉన్న తెర వెలుగును సరళ పూర్తిగా పెంచింది. చూపు తక్కువ మనిషికి వెలుగు ఎక్కువ ఉండాలని, కిటికీ తలుపులు కూడా బార్లా తెరిచింది. కుర్చీ జరిపి మొండయ్యను కూర్చోబెట్టింది.

ఆయన కూర్చున్నారు. తెర వైపు ఒక్క క్షణం చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నారు.

సరళ అక్షరం ఇంకా పెంచింది. ఆయన మళ్ళీ చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగారు. అడిగినదానికి జవాబు కూడా గోడకే చెప్పారు. మూడు ఆదివారాలు ఇదే తంతు. ఆయనకు లోపల జరుగుతున్నది వేరు. తెరంతా కొలిమిలాగా మండుతున్నది, ఆ మంటలో అక్షరాలు కాలి మసి అవుతున్నాయి, తల తనకు తెలియకుండానే పక్కకు పోతున్నది. తన కళ్ళ పని అయిపోయిందని ఆయన నమ్మారు. ఇంత కష్టపడిన పిల్లకు ఆ మాట ముఖాన చెప్పలేక, "సాలు బిడ్డా, నీ దుకాణం జూస్కో పో" అన్నారు.

సరళకు అది వేరేలా తగిలింది. ఈయనకు ఇష్టం లేదు, నా తృప్తి కోసం కూర్చుంటున్నాడు అనుకుంది. నాలుగో ఆదివారం తీగలు ఊడదీసి, తెరను గోనెపట్టాలో చుట్టడం మొదలుపెట్టింది. అప్పుడే గోప్యా ఆమెను తండాకు తీసుకుపోవడానికి మోపెడ్ మీద వచ్చాడు. సంగతేమిటని అడిగాడు. కూతురు ఉన్నది ఉన్నట్టు చెప్పి, నీకు నమ్మకం లేకపోతే చూడమని తీగలు మళ్ళీ కలిపి తెర వెలిగించింది. మొండయ్య ముఖం తిప్పుకున్నారు. గోప్యా గుమ్మంలోనే నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"అన్న ఇంక బాయిల్నే ఉన్నడు బిడ్డా."

సరళకు అర్థం కాలేదు. గోప్యా బల్ల దగ్గరకు వచ్చి నేల మీద చతికిలబడి చెప్పాడు. బాయి లోపల అందరి టోపీలకూ దీపాలుంటాయి. ఎదుటివాడి కళ్ళలో దీపం కొట్టడం కంటే పెద్ద మర్యాద తక్కువ పని అక్కడ లేదు. కళ్ళలో వెలుగు పడితే కాసేపు ఏమీ కనపడదు, కనపడని ఆ కాసేపట్లో పైకప్పు కూలితే మనిషి లేడు. అందుకని మాట్లాడేటప్పుడు ఇద్దరూ తలలు పక్కకు తిప్పుకునే మాట్లాడతారు. దీపం మీదికి వస్తే మెడ దానంతటదే తిరుగుతుంది.

"నేను దిగిన తొలినాడే నా లైటు అన్న కండ్లల్ల గొట్టిన. చెయ్యి లేపిండు, కొట్టలే. ఇప్పుడు నువ్వు గింత పెద్ద లైటు దెచ్చి మొకంల బెట్టి, జూడు జూడు అంటున్నవ్. ఎట్ల జూస్తడు?"

"లైటు లేకుంటె అక్షరం ఎట్ల గనపడ్తది బాపూ?"

"బాయిల ఎట్ల గనపడుతుండె? గోడంత నలుపు. సుద్ద ఒక్కటే తెలుపు."

సరళ తండ్రి వైపు చూసింది. తరువాత లేచి కిటికీ తలుపులు మూసింది. తెర వెలుగు తగ్గించింది. ఆ చిన్న సాఫ్ట్‌వేర్‌లో రంగులు మార్చే చోటు ఉందని ఆమెకు తెలుసు, ఇంతవరకు దాని అవసరమే కలగలేదు. పేజీని నల్లగా చేసింది. అక్షరాలను తెల్లగా చేసింది. గది ఒక్కసారిగా చల్లబడ్డట్టయింది.

మొండయ్య తల నిదానంగా ఇటు తిరిగింది.

మచ్చ పోలేదు. అది ఇక పోదు. కానీ దాని చుట్టూ ఉన్న నలుపు నిలకడగా ఉంది, ఆ నలుపులో అక్షరాలు సుద్దతో రాసినట్టు నిలబడ్డాయి. ఆయన మెడ కొద్దిగా వంచి, మచ్చ పక్కనుంచి ఒక్కొక్క అక్షరాన్ని పట్టుకున్నారు. మొదటి మాట కూడబలుక్కున్నారు. రెండవ మాట దగ్గర ఆగి వెనక్కు పోయారు. యూనియన్ ఆఫీసు వరండాలో చదివినట్టే పెదవులు కదిలిస్తూ, పైకి వినపడీ వినపడకుండా చదివారు. పాత కథ అది. ఒక వర్తకుడు అడవి దారిన పోతుంటాడు. వర్తకుడు నది ఒడ్డుకు చేరేసరికి తెర నిండిపోయింది. మొండయ్య చేయి చాచి, బొట్టుబిళ్ళను వెతుక్కుని నొక్కారు. పేజీ తిరిగింది.

పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వస్తున్నా బతుకమ్మ కదలలేదు. ఆయన మూడు పేజీలు చదివి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చదివారు. కథలో వర్తకుడు నది దాటాక మొండయ్య ఆగారు.

"సర్కారుకు రెండు కౌంటర్ల కాడ దండం బెట్టిన" అన్నారు సరళతో. "నువ్వు దండం బెట్టించుకోకుంటనే ఇచ్చినవ్ బిడ్డా. నేను మళ్ల సదువొచ్చినోన్నైన."

"నేనేం జేసిన పెదనాయనా? బాపు జెప్పకుంటె తీగలు పీకి తీస్కపోతుంటి."

"తెచ్చింది గుడ నువ్వే గద."

లేచి గూట్లోని సుద్దముక్క తీసుకుని, బల్ల పైన గోడ మీద ఆనాటి తారీఖు వేసి పొడి సంతకం పెట్టారు. 8-6-2008. గోప్యా దాన్ని చూసి, బాయిలో పనివాడు తట్ట దించినట్టే భుజం మీది తువ్వాలు తీసి నేల మీద దించాడు. సరళకు ఆ ఇద్దరు ముసలివాళ్ళూ ఎందుకు నవ్వుతున్నారో వెంటనే తెలియలేదు.

ఆ తరువాతి ఏడాదిన్నరలో మొండయ్య పంతొమ్మిది పుస్తకాలు చదివారు. ఇంటర్నెట్‌లో దొరికినవి పదకొండు. మిగిలిన ఎనిమిదీ కాపీరైటు చట్టం అభ్యంతరం చెప్పనంత పాతవి. సెంటరులో బేరం లేని మధ్యాహ్నాల్లో సరళ టైపు చేసి ఇచ్చినవి. తప్పులు ఆయన చదువుతూ చెబితే ఆమె దిద్దింది. "నూట నలభయ్యో పేజీల రాజు సచ్చిండు, నూట యాభైల అన్నం తింటుండు. సూడు జర" అని ఫోన్ చేసేవారు. ఆయన మాట తిరిగి వచ్చింది, తిండి తిరిగి వచ్చింది. పొద్దున పుస్తకంలో చదివిన సంగతి మీద మధ్యాహ్నం బతుకమ్మతో వాదం పెట్టుకునేవారు. ఆమె పుస్తకం చదవకుండానే గెలిచేది. అశ్వారావుపేట నుంచి పూల్‌సింగ్ అనే రిటైరైన పంతులు, చూపులో అదే మచ్చ ఉన్నవాడు, ఈ సంగతి విని బస్సెక్కి వచ్చి, నల్ల తెర ముందు గంటసేపు కూర్చుని, సరళ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుని పోయాడు. ఆయనకూ ఒక డిస్కు చేసి ఇచ్చింది. ఆ తరువాత మరో ఆరుగురికి.

ఒక నెట్ సెంటర్ ఆమె, బొగ్గు నింపిన ఒక తండా మనిషి, ఎక్కడో కూర్చుని చిన్న సాఫ్ట్‌వేర్ రాసి ఊరికే ఇచ్చిన ముఖం తెలియనివాడు, పేరు వేసుకోకుండా పుస్తకాలు టైపు చేసిన భాషాభిమానులు. మొండయ్య చదువు వీళ్ళ చలవ. రోజూ తెర ముందు కూర్చునే ముందు ఆయన వీళ్ళందరినీ తలుచుకుంటారు. పేరు తెలియనివాళ్ళను కూడా.

ఇంత జరిగాక, 2009 డిసెంబరులో ఆయన పఠన పథకం ఆఫీసుకు ఒక ఉత్తరం పంపారు. కోపంతో కాదు, తనలాంటి వాళ్ళకు ఉపయోగపడుతుందని. సరళ కాగితం నకలు, సాఫ్ట్‌వేర్, టైపు చేసిన పుస్తకాలు ఉన్న డిస్కు జతపరిచారు. జనవరి 19న జవాబు వచ్చింది. "సదరు సాఫ్ట్‌వేర్ ఆమోదిత జాబితాలో లేనందున పరిశీలించుట సాధ్యపడదు. డిస్కు తిప్పి పంపడమైనది." డిస్కు కవరులో విరిగి ఉంది.

కనుక, పల్లె డిజిటల్ పఠన పథకం అధికారులారా, మీకు ఈ కాగితాల నకళ్ళన్నీ తారీఖుల వరుసలో జతపరచి పంపడమైనది. విరిగిన డిస్కుకు బదులు కొత్తది కూడా ఉంది. దాన్ని మీ కంప్యూటరులో వేసి, గది కిటికీలు మూసి, ఒక్క పేజీ చదవండి. తరువాత మీ ఫొటో పుస్తకాలన్నింటినీ అక్షరాలుగా టైపు చేయించండి. అక్షరం పెరిగితే వరుస విరిగే, రంగు మార్చితే మారే సాఫ్ట్‌వేర్‌ను ప్రతి డిస్కులోనూ పెట్టండి. ఆ సాఫ్ట్‌వేర్ వాడే పద్ధతి మీ సిబ్బందికి నేర్పడానికి సరళను, ఆమె పేరు రాసి, గౌరవంగా పిలవండి. సగం చూపున్న మనిషి నిలబడడానికి మీ రెండు కౌంటర్ల మధ్య ఒక మూడవ కౌంటరు తెరవండి. అది తెరిచే తేదీ ఏమిటో, ఈ ఉత్తరం అందిన ముప్పై రోజుల్లోగా, రెండు వేళ్ళ ఎత్తు అక్షరాలతో మొండయ్యకు రాసి పంపండి. ఆయన దాన్ని స్వయంగా చదువుకుంటారు.